ఓడేవాడికి ఓటేసిన రోజులు

‘వాడెలాగూ గెలవడు, వాడికేస్తే ఓటు వేస్టు’ అనే మాట ఈమధ్య పోరగాళ్ల నోట తెగ వినబడుతోంది. వేస్టట! పొద్దున లేచింది మొదలు బొటనవేలితో ఫోన్ని పైకీ కిందికీ తోసుకుంటూ కూర్చునేవాళ్లు, హోటల్లో సగం బిర్యానీ పళ్లెంలోనే వదిలేసి లేచేవాళ్లు, ఐదేళ్లకోసారి వచ్చే ఓటు దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని పొదుపూ నేర్చుకున్నారు. బిడ్డా, నేను ముసలోణ్ణి, పైగా రిటైరైన లెక్కల పంతుల్ని. చెప్పిందే చెప్తానన్న పేరు నాకు ఇంట్లోనే ఉంది. అయినా చెప్తా, విను. గెలుపెవరిదో ముందే పసిగట్టి అటు వేయడానికైతే ఓటెందుకు? చిలక జోస్యం చెప్పేవాడు చాలడూ?

నేను మొదటిసారి ఓటేసింది 1967లో. అప్పట్లో ఓటు చేతికి రావాలంటే ఇరవై ఒక్కేళ్లు నిండాలి. మీకు 1989 నుంచి పద్దెనిమిదికే ఇచ్చేశారు, అందుకే దాని విలువ తెలియదంటాను నేను. ఇరవై ఒకటి నిండిన మీకు మాత్రం ఏం తెలిసి ఏడ్చిందని మా ఆవిడ అడుగుతుంది, ఆ ప్రశ్నకు జవాబు ఇంకా వెతుకుతున్నాను. సరే, ఆ 1967లో ఏమైందో తెలుసా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 287 సీట్లుంటే, అందులో 68 మంది స్వతంత్రులు గెలిచారు. ఏ పార్టీ జెండా లేకుండా, ఏ పెద్దమనిషి ఫొటో పక్కన పెట్టుకోకుండా గెలిచారు. అధికారంలో ఉన్న కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ అంటే రాజాజీ, రంగా గార్ల స్వతంత్ర పార్టీ, దానికి 29. అంటే ఏ పార్టీకీ చెందనివాళ్లు ప్రతిపక్ష పార్టీలన్నిటికంటే ఎక్కువ మంది అన్నమాట.

ఇప్పటి లెక్క చూద్దాం, పలకా బలపం తీసుకో. 2023లో తెలంగాణ: కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. కూడు. 119. ఉన్న సీట్లెన్ని? 119. మరుసటేడు ఆంధ్ర: టీడీపీ 135, జనసేన 21, వైసీపీ 11, బీజేపీ 8. కూడు. 175. ఉన్న సీట్లెన్ని? 175. శేషం సున్న. రెండు రాష్ట్రాల్లో కలిపి ఒక్క స్వతంత్రుడు, పేరుకైనా ఒక్కడు లేడు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంత నిక్కచ్చిగా శేషం లేకుండా పోయిన లెక్క నాకు నచ్చలేదు.

మా తాలూకాలో ఆ 1967లో ఒక నాటు వైద్యుడు నిలబడ్డాడు. పేరు చెప్పను. ఆయన మనవలు ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో పార్టీలో ఉన్నారు, నొచ్చుకుంటారు. గుర్తు త్రాసు. అసెంబ్లీకి డిపాజిట్ అప్పుడు 250 రూపాయలు. ఆ డబ్బు కోసం ఆయన ఇంట్లో ఉన్న పాడిబర్రెను అమ్మాడు. ప్రచారం కాలినడకనే. రేకు గొట్టం నోటికి పెట్టుకుని రచ్చకట్ట దగ్గర నిలబడి మాట్లాడేవాడు, మధ్యలో ఎవరైనా దగ్గితే ఉపన్యాసం ఆపి నాడి చూసేవాడు. మా వాడలో గోడ మీద జాజుతో త్రాసు బొమ్మ గీసే పని నాకు అప్పజెప్పారు. నేను గీసిన త్రాసులో ఎడమ పళ్లెం జానెడు కిందికి దిగింది. ఎదుటి పక్షంవాళ్లు దాని ముందు నిలబడి, ‘చూడుర్రి, గెలవకముందే తూకంల మోసం మొదలువెట్టిండు’ అని ఒకటే నవ్వు. 

ఆయన మా ఇంటికి వస్తే మేమే అన్నం పెట్టాం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. అభ్యర్థికి ఓటరు అన్నం పెట్టిన కాలమది! ఇప్పుడు అభ్యర్థి ఓటరుకు పెట్టాలి, పోయాలి, కవరు ఇవ్వాలి, అందులో పక్కింటివాళ్లకంటే తక్కువుంటే మళ్లీ ధర్నా. ఈ మాట నేను గర్వంగా చెప్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ, ‘పెట్టింది మీరెట్లయితరు, పెట్టింది మా అత్త. పొయ్యికాడ కూసున్నదామె. మీరు ఆయన పక్కన కూసోని తిన్నరు’ అంటుంది. ఆమె ఆ రోజు మా ఇంట్లో లేదు, అప్పటికి మా పెళ్లే కాలేదు. అయినా సరిగ్గానే చెప్తుంది.

వైద్యుడు ఓడిపోయాడు. మామూలుగా కాదు, చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది కదా, ఆ ఆరో వంతుకు ఆమడ దూరంలో ఆగిపోయాడు. బర్రె పోయింది, 250 పోయాయి. అయినా ఫలితాలు వచ్చిన వారానికి మళ్లీ అవే ఊళ్లు తిరిగాడు, ఓటేసినవాళ్లకు దండం పెట్టి చెప్పుకోవడానికి. వేయనివాళ్లెవరో ఆయనకు తెలుసు, వాళ్లకూ మందిచ్చాడు. కాకపోతే కాస్త చేదుది. ఓడిపోవడానికి కూడా ఒక పద్ధతి ఉండేదిరా నాయనా. ఇప్పుడు ఓడినవాడు తెల్లారేసరికి గెలిచినవాడి కండువా కప్పించుకుంటున్నాడు.

అసలు పెద్ద పార్టీని కాదని నిలబడే ఈ మూడో మనిషి పిచ్చి మాకు పుట్టుకతోనే వచ్చిందేమో. మాది నల్లగొండ జిల్లా. 1952లో మొదటి ఎన్నికలు వచ్చేసరికి సాయుధ పోరాటం విరమించి కొన్ని నెలలే అయింది, హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద ఇంకా నిషేధం. వాళ్లు పి.డి.ఎఫ్. అని వేరే పేరు పెట్టుకుని నిలబడితే, మా వాళ్లు రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూగారి కంటే ఎక్కువ ఓట్లు గుద్ది పార్లమెంటుకు పంపారు. దేశమంతా ఒక దారి, నల్లగొండ ఒక దారి. గుద్దడమని మాటవరసకన్నాను గానీ అప్పుడు ముద్ర గుద్దే పనే లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద వాడి గుర్తు. తెర చాటుకు వెళ్లి, నచ్చినవాడి పెట్టెలో కాగితం వేసి రావడమే. పెట్టెను దేవుడి హుండీ అనుకుని దండం పెట్టి, పూలూ పైసలూ వేసి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు దేశంలో. మా నాయన మాత్రం పైసలు వేయలేదట. వేయడానికి లేవు.

ఇక వావిలాల గోపాలకృష్ణయ్య గారి సంగతి ఎత్తితే నాకు మాట ఆగదు. భుజాన గుడ్డసంచి, ఒంటి మీద ఖద్దరు, అంతే ఆస్తి. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు అసెంబ్లీకి వెళ్లారు. స్వతంత్రుడిగా నిలబడి గెలిచిన మనిషి, ఏ అధిష్ఠానానికీ ఫోన్ చేసి ‘ఇప్పుడు చెయ్యి ఎత్తమంటారా, దించమంటారా’ అని అడిగే అగత్యం లేని మనిషి. విశాఖపట్నంలో తెన్నేటి విశ్వనాథం గారు 1967లో స్వతంత్రుడిగానే పార్లమెంటుకు వెళ్లారు, ఉక్కు ఉద్యమంలో ఆయన మాట ఎంత చెల్లిందో చరిత్రలో చదువుకోండి. మన కాళోజీ లేడూ? ఎమర్జెన్సీ తర్వాత సత్తుపల్లిలో ఏకంగా అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద నిలబడ్డాడు. గెలుస్తాననా? కాళోజీకి ఆ మాత్రం తెలియదా! ఓడిపోతానని తెలిసి నిలబడ్డాడు, ఓడిపోయాడు, అడగాల్సింది అడిగేసి వచ్చాడు. అలాంటివాడికి వేసిన ఓటు ఏ లెక్కన వేస్టయిందో నాకెవరైనా చెప్పండి.

మా రోజుల్లో పార్టీని కాదు, మనిషిని చూసి వేసేవాళ్లమని నేను అన్నప్పుడల్లా మా ఆవిడ తమలపాకుకు సున్నం రాస్తూ, ‘ఔ, మనిషిని చూసే వేసేటోళ్లు. ఆ మనిషెవలో పటేల్ ఇంటి అరుగు మీద తేలేది’ అని ఒక చురక అంటిస్తుంది. నిజమే, అరుగు మీదే తేలేది. కానీ పటేలు కూడా మనిషినే చూసి చెప్పేవాడు కదా. ఆ మనిషి చాలాసార్లు పటేలు బావమరిది అయ్యేవాడన్నది వేరే సంగతి. పద్ధతి పద్ధతే.

ఓట్లు చీలడం గురించి మీకొక్కళ్లకే తెలిసినట్టు మాట్లాడకండి. 1955లో, మనమింకా కలవని రోజుల్లో, ఆంధ్ర రాష్ట్రం ఎన్నికల్లో కమ్యూనిస్టులకు నూటికి ముప్పైకి పైగా ఓట్లు పడ్డాయి. సీట్లు మాత్రం 196లో 15. ఎందుకంటే ఎదుటివాళ్లంతా ఒక్క గొడుగు కిందికి చేరారు. మన దగ్గర ఓటింగ్ పద్ధతే అది, అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు, మిగతావాళ్ల ఓట్లన్నీ కలిపి కొండంత ఉన్నా గోడకు కొట్టిన సున్నమే. ఈ పద్ధతిలో మూడోవాడికి రెండే దారులు. ఒకటి, వాడే మొదటివాడైపోవడం. ఎన్టీ రామారావు గారు 1982 మార్చిలో పార్టీ పెట్టి, పాత షెవర్లె బండినెక్కి ఊరూరా తిరిగి, 1983 జనవరికల్లా రెండువందల పైచిలుకు సీట్లతో కుర్చీలో కూర్చున్నారు. 2001లో పుట్టిన టీఆర్ఎస్ 2014లో కూర్చుంది. రెండోది, పెద్దదాంట్లో కలిసిపోవడం. 1971లో తెలంగాణ ప్రజా సమితికి మేము పది పార్లమెంటు సీట్లిచ్చాం, పది! మేము వేసిన ఓటు సిరా వేలి మీద ఆరిందో లేదో, ఆ ఏడాదే చెన్నారెడ్డి గారు పార్టీని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశారు. 2008లో చిరంజీవి ప్రజారాజ్యం పెడితే మా ఇంటి పోరగాళ్లు ఈలలు వేశారు. 2009లో 18 సీట్లు, 2011లో విలీనం. అదే 2009లో అసలైన ఈల గుర్తు ఇంకొకటుంది, జయప్రకాశ్ నారాయణ్ గారి లోక్‌సత్తా. ఆయన ఎంత మంచివాడో చెప్పనివాళ్లు రాష్ట్రంలో లేరు. ఓట్లు లెక్కపెడితే వచ్చింది కూకట్‌పల్లిలో ఆయనొక్కడి సీటు. మంచివాడని చెప్పడానికి ఓటక్కర్లేదు కదా, నోరు చాలు.

మూడోవాడు మూడోవాడిగా నిలకడగా బతికింది మా కాలంలోనే. అందులో నాకు కాస్త పాత్ర ఉంది, ఎందుకంటే బడిపంతులన్నాక ఎలక్షన్ డ్యూటీ తప్పేది కాదు. మీకు మిషను మీట నొక్కితే కుయ్ మనడం తప్ప ఇంకేమీ తెలియదు, 2004 నుంచి పార్లమెంటుకూ అసెంబ్లీకీ అన్నిచోట్లా అదే కదా. మా ఓటుకు చేతిపని ఉండేది. బాణాల ముద్ర, ఊదారంగు సిరా దిండు. ముద్ర వేశాక కాగితాన్ని ముందు నిలువుగా మడవాలి, తర్వాత అడ్డంగా. అడ్డంగా ముందు మడిచావో, తడి సిరా వెళ్లి కింది గుర్తుకు అంటుకుంటుంది. ప్రతి ముసలమ్మకూ ఇది నేను చేసి చూపించేవాణ్ణి, ప్రతి ముసలమ్మా తలూపి లోపలికి వెళ్లి ఉండచుట్టి వేసేది.

లెక్కింపు రాత్రుళ్లు ఇంకో లోకం. కట్టలు విప్పి, ఒక్కో కాగితం దీపం వెలుగులోకి ఎత్తి చూడాలి. ఒకడు అందరి గుర్తుల మీదా ముద్ర వేసేవాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేని మనిషి. ఒకడు ఏ గుర్తు మీదా కాకుండా రెండు గుర్తుల మధ్య సందులో వేసేవాడు. ఒకసారి ఒక కాగితం మీద ముద్ర సరిగ్గానే ఉంది, పక్కన బాల్ పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: ‘ఓటు నీకే. ముందు మా ఊరికి బస్సెయ్యి. లేకుంటే మళ్లొచ్చేసారి చూస్కుంటం. ఇట్లు’ అని, కింద పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, సంతకం. ఓటేసిందెవరో తెలిసిపోయేలా రాస్తే ఆ ఓటు చెల్లదు. చెల్లని కట్టలో పెట్టాను. అంతకంటే స్పష్టంగా వేసిన ఓటును నేను నా సర్వీసులో చూడలేదు. మీ మిషనుకు చెప్పుకుంటుందా ఇలా ఎవరైనా?

మూడోవాళ్ల గొప్పతనం చూడాలంటే 1996 నల్లగొండ చూడాలి. మా జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గారపట్టి, ఎముకలు వంగి, ముప్పై ఏళ్లకే కర్ర పట్టిన మనుషులు మా మునుగోడు, మర్రిగూడ వైపు. ఎంత మొత్తుకున్నా పట్టించుకునేవాళ్లు లేరు. అప్పుడు దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి ఒక ఉపాయం చేసింది. పార్లమెంటుకు నామినేషన్లు వేయమంది. వేశారు. ఒకరు కాదు పదిమంది కాదు, బరిలో మిగిలినవాళ్లు మొత్తం 480 మంది! డిపాజిట్ అప్పుడు 500. ఇంతమంది పేర్లు ఏ కాగితం మీద అచ్చేయాలి, ఇన్ని గుర్తులు ఎక్కణ్ణుంచి తేవాలి? పోలింగే వాయిదా పడింది. చివరికి కమ్యూనిస్టు ధర్మభిక్షం గారు గెలిచారు, మిగిలినవాళ్లలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. కానీ నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా తెలిసింది. దానికి ఢిల్లీ వాళ్లు ఏం చేశారనుకున్నారు? ఆ ఏడాదే చట్టం సవరించి పార్లమెంటు డిపాజిట్ 10,000 చేశారు, అసెంబ్లీది 5,000. పార్టీ లేనివాడు నామినేషన్ వేయాలంటే ఒకరు బలపరిస్తే చాలదు, పదిమంది కావాలన్నారు. నీళ్లు బాగుచేయమంటే దరఖాస్తు ఫీజు పెంచినట్టు!

ఆ తర్వాత పార్లమెంటు డిపాజిట్ 25,000 అయింది. అయినా నిజామాబాద్ రైతులు ఆగలేదు. 2019లో పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు ధర కావాలని పెద్దసంఖ్యలో నామినేషన్లు వేస్తే మొత్తం 185 మంది అభ్యర్థులు తేలారు. ఒక్కో పోలింగ్ బూతులో పన్నెండు మిషన్లు వరసగా పేర్చి ఓటు వేయించారు. అక్కడ అధికార పార్టీ తరఫున నిలబడ్డ ముఖ్యమంత్రి కూతురే ఓడిపోయారు. పసుపు బోర్డు 2025లో నిజామాబాద్‌కు వచ్చింది. ఆ రైతుల్లో ఒక్కడూ గెలవలేదు. ఇప్పుడు చెప్పు, ఎవరి ఓటు వేస్టు? ఈ ముక్క చెప్పినప్పుడు మా మనవడు, ‘తాతా, ఇది మీ రోజుల్లోది కాదు కదా, మా రోజుల్లోది’ అన్నాడు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో తేదీలు తీయకూడదని వాడికి ఎవరూ నేర్పలేదు.

మా పెద్దోడు న్యూజెర్సీలో ఉంటాడు, వాడూ మీ బాపతే. అక్కడ 2000లో ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో, మూడో మనిషి రాల్ఫ్ నేడర్‌కు పడ్డవి 97 వేల పైన, అందుకే మనసుకు నచ్చినవాడికి కాదు నాయనా, గెలవగలిగేవాడికి వేయాలి అని ఫోన్‌లో పాఠం చెప్తాడు. నాకు, పంతులుకు! అమెరికా దాకా ఎందుకురా, మన పక్క భువనగిరికి రా అన్నాను. 2019లో అక్కడ పార్లమెంటుకు కాంగ్రెస్ గెలిచింది ఐదు వేల చిల్లర మెజారిటీతో. రోడ్డు రోలర్ గుర్తుకు పడ్డ ఓట్లు ఇరవై ఏడు వేల పైచిలుకు. రోడ్డు రోలర్ మీద జనానికి అంత ప్రేమ ఎందుకొచ్చిందంటావా? మిషను మీద అది కారులాగే కనబడిందని కారు గుర్తు టీఆర్ఎస్ వాళ్ల ఏడుపు. నేడర్‌కు వేసినవాళ్లు నేడర్ అని తెలిసి వేశారు. మా దగ్గర మూడోవాడికి ఓటు పడాలంటే ఓటరుకు కళ్లజోడు మారాల్సిన వేళ రావాలి. ఇదీ మా మూడో మనిషికి పట్టిన గతి. జోడెద్దులు, కంకి కొడవలి, దీపం, గుడిసె, ఇవీ మా గుర్తులు. ఎద్దును చూసి దీపం అనుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది నోటా. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిందది. ‘ఎవరూ నచ్చలేదు తాతా, నోటా నొక్కిన’ అని మా మనవరాలు కాలర్ ఎగరేసింది. పేరంటానికి వెళ్లి పసుపు రాయించుకోకుండా, వాయనం పుచ్చుకోకుండా, వచ్చి వెళ్లానని మాత్రం చెప్పి వచ్చినట్టుంది. నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా గెలిచేది దాని తర్వాత ఉన్న మనిషే, తెలుసా నీకు? మిషను మీద ఇరవై పేర్లున్నాయి. అందులో ఒక్కడి గురించైనా కనుక్కున్నావా? ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఉండి ఉంటాడు, ఒక చేనేత కార్మికుడు ఉండి ఉంటాడు, ఎవడో ఒకడు వాళ్ల ఊరి చెరువు కోసం ఇల్లు కుదువపెట్టి నిలబడి ఉంటాడు. అందరికీ కలిపి ఒకే మీటతో దండం పెట్టేశావు. దానికి మనవరాలు, ‘మీరు కనుక్కున్నరా తాతా అందరి గురించి?’ అంది. నాకు ఆ వేళ మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉంది, జవాబు చెప్పలేదు.

మూడోవాడి ఓటు వృథా కాకుండా ఉండే ఎన్నిక కూడా ఉంది మన దగ్గర, పట్టభద్రుల ఎమ్మెల్సీ. అందులో ముద్ర లేదు, 1, 2, 3 అని అంకెలు వేయాలి. నీ మొదటివాడు వెనకబడి పోటీలోంచి తప్పుకుంటే నీ ఓటు నీ రెండోవాడికి వెళ్తుంది. మనసుకు నచ్చినవాడికి 1, గెలుస్తాడనుకున్నవాడికి 2. ఇంతకంటే మర్యాదైన పద్ధతి ఉంటుందా? 2021లో నల్లగొండ, ఖమ్మం, వరంగల్ స్థానానికి 71 మంది నిలబడ్డారు. లెక్కింపు రోజుల తరబడి సాగింది, ఒక్కొక్కరిని తీసేస్తూ, వాళ్ల ఓట్లు పంచుతూ. తీన్మార్ మల్లన్న స్వతంత్రుడిగా రెండో స్థానం దాకా వచ్చారు. నాకు ఎంత సంబరమైందో! 2024లో అదే స్థానం ఆయన గెలిచారు కూడా, కాకపోతే కాంగ్రెస్ అభ్యర్థిగా. నా సంబరం మొదటిదానికే పరిమితం చేసుకున్నాను. ఇక పట్టభద్రుల సంగతి, డిగ్రీలు చదివినవాళ్లు, అంకె వేయమంటే టిక్కు పెట్టినవాళ్లు, అందరికీ 1 వేసినవాళ్లు, చెల్లని ఓట్లు వేలల్లో. నా శిష్యులు ఎంతమంది ఉన్నారో అందులో అని భయపడి ఆ రోజు బజారుకు వెళ్లలేదు.

మీ తరంలో నాకు నచ్చింది ఒక్కతే, కొల్లాపూర్‌లో 2023లో నిలబడిన బర్రెలక్క. డిగ్రీ చదివి ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానని వీడియో పెట్టిన పిల్ల, ఈల గుర్తుతో స్వతంత్రురాలిగా నిలబడింది. మా వైద్యుడు ఎన్నిక కోసం బర్రెను అమ్మాడు, ఈమె బర్రెల దగ్గర్నుంచే ఎన్నికకు వచ్చింది. రాష్ట్రమంతా ఆ అమ్మాయికి లైకులు కొట్టింది. ఓట్లు ఐదు వేల పైచిలుకు పడ్డాయి. లైకు కొట్టినవాళ్లంతా కొల్లాపూర్‌లో లేరు కదా అంటారు మీరు. ఉన్నవాళ్లేమన్నారో కూడా నాకు తెలుసు. ‘పాపం, మంచి పిల్ల, కానీ ఓటు వేస్టయితది’.

ఇంకొకటి. లెక్కింపు రోజు టీవీ పెట్టండి. తెర నిండా రంగులు, పార్టీకో గడి, చివర్న చిన్న గడి, ‘ఇతరులు’. నిలబడ్డ వందల మంది, వాళ్ల డిపాజిట్లు, వాళ్ల గోడరాతలు, వాళ్లకు ఓటేసిన లక్షల మంది, అందరూ ఆ ఒక్క గడిలో. ఎక్కువసార్లు అందులో సున్న ఉంటుంది. మా రోజుల్లో పేపరువాడు ఆఖరివాడి పేరు కూడా వేసేవాడు, పక్కన వాడికొచ్చిన ఓట్లతో సహా. మా వైద్యుడు ఆ ముక్క కత్తిరించి మందుల పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాడు. చివరి ఓటు వరకు ఎవరెవరు వేశారో తనకు తెలుసనేవాడు. తెలిసే ఉంటుంది, అన్నే పడ్డాయి మరి.

కాబట్టి బిడ్డా, వచ్చేసారి బూతుకు వెళ్లేముందు ఆ పేర్ల జాబితా పై నుంచి కింది దాకా ఒకసారి చదువు. ఎవడైనా నచ్చితే వాడికే వెయ్యి, వాడు గెలవడని నీకు తెలిసినా సరే, వాడికే తెలిసినా సరే. ఎవడూ నచ్చకపోతే నువ్వే నిలబడు. పదిమంది బలపరచాలి, అసెంబ్లీకి 10,000 కట్టాలి. ఆ పదిమందిలో ఒక సంతకం నాది, డబ్బు మాత్రం మీ నాయన్ని అడుగు. నేనెవరికి వేస్తానంటావా? అది చెప్పకూడదు, రహస్య ఓటు. అయినా పోటీలో ఉన్నవాళ్లు ఎన్నిక దగ్గరపడ్డప్పుడల్లా మా ఇంటికొచ్చి, ‘పంతులుగారూ, మీ ఓటు మాత్రం మాకు వద్దు’ అని బతిమాలుతున్నారు. మా ఆవిడే ఊళ్లో ఏదో చెప్పి ఉంటుంది.